రెండోది ఏది సారూ?

పొద్దున్నే పేపర్ చదువుతుంటే పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. రైటర్ కొత్తవాడు, గొంతు గుర్తుపట్టలేదు.

"సార్, ఎలక్షన్ కోడ్ అచ్చింది. మీ వెపన్ రేపటిలోపల డిపాజిట్ చెయ్యాలె. యాదుంది గదా?"

ఉందన్నాను. సర్పంచి ఎన్నికలైనా, ఎమ్మెల్యే ఎన్నికలైనా, లైసెన్సు తుపాకులున్నవాళ్లం వాటిని స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకోవాలి. అంతా అయిపోయాక మళ్లీ తెచ్చుకోవాలి. ఇరవై ఏళ్లుగా నాకు అలవాటైన తతంగమే.

"ఇంకో మాట సార్. మీ ఎదురింటి సార్‌ది గుడ లిస్టుల ఉన్నది, డబుల్ బ్యారెల్. ఆయన ఫోన్ కలుస్తలేదు. జర మీరు చెప్తరా?"

"ఆయన పోయి ఏడు నెలలైంది బాబూ. ఆ తుపాకి మీ స్టేషన్ల, మాల్‌ఖానాలనే ఉన్నది. ఆయన బిడ్డ అప్పుడే అప్పజెప్పింది."

"అయ్యో, అవునా! లిస్టు పాతది సార్. మీ పేరుకు పైన ఆయన పేరే ఉంటే అడిగిన."

ఫోన్ పెట్టేశాక నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. నిజం చెప్పేస్తాను, కడుపుమంట. మనిషి పోయి ఏడు నెలలైనా నా పేరుకు పైన ఆయన పేరే ఉంది. బతికున్నన్నాళ్లూ అంతే, పోయాక కూడా అంతే. ఛీ, ఏం మనిషినిరా నేను అనుకున్నాను. అనుకున్నా మంట చల్లారలేదు.

ఆయనకు పేరుంది గానీ ఇక్కడ రాయను. వస్తువుల మీద తేదీ రాసేవాడే తప్ప ఆయన ఎన్నడూ తన పేరు రాసుకోలేదు. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పొట్టి మనిషి, మెడ మీద ఎండకు కమిలిన మచ్చ, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నల్ల టేపు చుట్ట. చెప్పు తెగితే టేపు. కళ్లద్దాల కాడ విరిగితే టేపు. మా ఆవిడ ప్లాస్టిక్ డబ్బా మూత పగిలితే దానికీ టేపు చుట్టి ఇచ్చాడు. ఆ డబ్బా ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. ఊడిపోవాలని నేనెంత కోరుకున్నా ఆ టేపు ఊడలేదు.

మా ఇళ్లు ఎదురెదురు. కాశిబుగ్గ దాటాక నాలా పక్కన ఉండే కాలనీ. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి ఆయనకు నేను 'సారు'. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడు కాబట్టి నాకు ఆయన 'అన్న'. ఆదివారం చర్చి అయిపోగానే అదే తెల్ల చొక్కాతో హనుమకొండలోని తుపాకుల దుకాణానికి వచ్చేవాడు. అక్కడ రిపేర్లు చేసే ముసలాయన్ని అందరం 'ఉస్తాద్' అనేవాళ్లం. ఆయన బల్ల చుట్టూ నలుగురైదుగురం లైసెన్సుదార్లం చేరేవాళ్లం. తుపాకులున్నవాళ్లంటే బయట జనం ఏవేవో ఊహించుకుంటారు. మేం చేసేదల్లా తుడవడం. తుడవడం, నూనె పెట్టడం, పక్కవాడిది చేతిలోకి తీసుకుని "మంచిగున్నది" అనడం, లోపల ఏడవడం. ఏడ్చేది నేనొక్కడినేనేమో, మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు.

నాది మా నాయన నుంచి వచ్చిన ఒంటి గొట్టం. పరకాల దగ్గర మా పొలంలో పందులు మక్కచేను తొక్కకుండా బెదిరించడానికి ఆయన తీసుకున్నది. పైన వదులు సుత్తి, కర్రకు పగులు. ఆయనది రెండు గొట్టాల విలాయతి తుపాకి, వాళ్ల మామ ఇచ్చింది. అక్రోటు కర్ర. గొట్టాల మధ్య సన్నని పట్టీ, ఆ పట్టీ మీద తీగలు చెక్కిన పని. దాన్ని మడిచి తెరిస్తే పెద్ద చప్పుడేమీ రాదు, మంచి బీరువా తలుపు పడ్డట్టు మెత్తగా 'టక్' అంటుంది. ఆ 'టక్' మొదటిసారి విన్నరోజు ఇంటికొచ్చి నా తుపాకి తెరిచి చూశాను. కిర్రుమంది. అన్నం సయించలేదు.

"రెండు గొట్టాలెందుకన్నా నీకు? ఒక్క పందిని గుడ కొట్టలే నువ్వు" అని ఉడికించబోయాను ఒకసారి.

"మొదటిది పని చెయ్యకపోతే రెండోది ఉండాలె గదా సారూ" అన్నాడు.

అదీ ఆయన జబ్బు. ప్రతిదానికీ రెండోది ఉండాలి. ఎవరైనా కొత్త ఫోన్ కొని చూపిస్తే, "మంచిగున్నది. రెండోది ఏది?" అనేవాడు. పెళ్లిళ్లకు పోతే అందరూ గోడ గడియారాలిస్తుంటే ఈయన టార్చ్‌లైట్లిచ్చేవాడు, జతగా. చర్చిలో ఒకనాడు ప్రసంగం మధ్యలో మైకు ఆగిపోతే ఈయన లేచి నిలబడి, "రెండోది ఏది అయ్యగారూ?" అన్నాడట. ఆ తర్వాత ఆదివారం అక్కడ రెండు మైకులున్నాయని మా ఆవిడే చెప్పింది. చర్చికి పోని మా ఆవిడకు ఆ కబురెట్లా తెలిసిందో, అదో మంట నాకు.

ఆయన మంచం కింద ఆకుపచ్చ రంగేసిన ఇనుపపెట్టె ఉండేది. దాంట్లో తాడు, తార్పాలిన్, విజిల్, చేత్తో తిప్పితే పాడే రేడియో, నీళ్లు తేర్చడానికి పటిక, పల్లీలు, బెల్లం, అటుకులు, గుండెకు నాలుక కింద పెట్టుకునే మాత్రలు, ఆధార్ కార్డుల జిరాక్సులు. అన్నీ రెండేసి. ప్రతి నెల మొదటి ఆదివారం వాటిని నేల మీద పరిచి, పాతబడినవి తీసి కొత్తవి పెట్టి, టేపు ముక్క మీద తెల్లరంగుతో తేదీ రాసేవాడు. ఆ పూట తలుపు బార్లా తెరిచి పెట్టేవాడు. వీధిలోవాళ్లు గడప దగ్గర నిలబడి చూసేవాళ్లు. నేను మా వరండాలో పేపర్ అడ్డం పెట్టుకుని చూసేవాణ్ని.

దుకాణంలో ఒకాయన వేళాకోళానికి అన్నాడు: "అన్నీ రెండు పెట్టినవ్ గని, వదిన ఒక్కతేనా అన్నా?"

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వి, గొట్టంలోంచి గుడ్డ లాగుతూ అన్నాడు: "ఆమెనే నేర్పింది ఈ బుద్ధి. రఘునాథపల్లి కాడ వాళ్ల చెల్కల, మాపటి పూట, పాము ముట్టింది. నా చేతుల టార్చ్‌లైట్ ఉన్నది. సెల్లు అయిపోయినయ్. దారి దొరికేసరికి ఆలస్యమైంది."

ఉస్తాద్ ఆకురాయి కింద పెట్టాడు. నాకు జాలి కలిగింది, కలగకపోలేదు. కానీ దాని వెనకే ఇంకొకటి వచ్చింది. చూడు, ఈయన పిచ్చికి కూడా ఒక కారణముంది, నా పిచ్చికి ఏ కారణమూ లేదు అని. మనిషి పుండు చూసి కూడా కుళ్లుకున్నవాణ్ని నేను.

ఇన్నేళ్లలో నాకున్న కోరిక ఒక్కటే. ఆయన తుపాకి కాదు. అదీ కావాలి, అది వేరు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయనకు నా అవసరం పడాలి. మా గేటు ముందు నిలబడి, "సారూ, నువ్వు లేకుంటే నా పని గాదు" అనాలి. ఏ మనిషి దగ్గరా ఏదీ అడగకుండా బతకడానికి ఏర్పాట్లన్నీ చేసుకున్నవాడు ఎప్పుడు అడుగుతాడు చెప్పండి.

తుపాకి సంగతి వచ్చింది కాబట్టి అది కూడా చెప్పి తీరాలి.

కొన్నేళ్ల కింద, ఏదో ఎన్నికల తర్వాత, నా తుపాకి తెచ్చుకోవడానికి స్టేషన్‌కు పోయాను. మాల్‌ఖానాలో తుపాకులన్నీ ఖాకీ గుడ్డలో చుట్టి, పైన దారంతో అట్టచీటీ కడతారు. చీటీ మీద పేరు, లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ ఏడు ఎలుకలు దారాలు కొరికేశాయి. రాలిన చీటీలను ఎవరో ఏరి, తోచినదానికి తోచినట్టు కట్టేశారు. నా పేరున్న చుట్ట నా చేతిలో పెట్టగానే బరువు తేడా తెలిసింది.

"చూస్కోండ్రి సార్, మీదేనా?" అన్నాడు కానిస్టేబుల్.

గుడ్డ మూల ఎత్తి చూశాను. రెండు గొట్టాలు.

"నాదే" అన్నాను.

సంతకం పెట్టాను. ముప్పై ఏళ్లు పిల్లలకు దొంగతనం తప్పని బోర్డు మీద రాసిన చెయ్యే అది. ఇంకొకరి ఆయుధం ఇంట్లో ఉంటే లైసెన్సు రద్దవుతుంది, పైన కేసు. అదంతా తెలిసే ఆటో ఎక్కాను.

తొమ్మిది రోజులుంచుకున్నాను. మధ్యాహ్నం తలుపేసుకుని, బీరువా అద్దం ముందు నిలబడి భుజానికి ఆనించుకునేవాణ్ని. తెరిచేవాణ్ని, మూసేవాణ్ని. టక్. టక్. నాలుగోరోజు మా ఆవిడ తలుపు తోసుకొచ్చింది.

"ఎవల్ని కాలుస్తానవయ్యా అద్దంలకెల్లి?"

"ఎవల్నీ లేదు, తుడుస్తాన."

"దీనికి రెండున్నయేంది?"

"రెండోది పెట్టిచ్చిన" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. ముప్పై ఐదేళ్ల కాపురంలో అంత చెత్త అబద్ధం ఎన్నడూ ఆడలేదు.

తొమ్మిదో రోజు పదకొండు గంటలకు ఆయన వీధి దాటి వచ్చాడు. చంకలో ఖాకీ చుట్ట, చేతిలో నూనె సీసా. కుర్చీలో కూర్చుని చుట్ట విప్పాడు. నా ఒంటి గొట్టం. కానీ నేను గుర్తుపట్టలేనంత శుభ్రంగా ఉంది.

"సారూ, నీదాని సుత్తి జర వదులైంది. ఉస్తాద్ తోని బిగిపిచ్చిన. కర్ర పగులు గుడ సరి జేసిన. చూస్కో."

సుత్తి మీద వేలు పెట్టి చూశాను, కదల్లేదు.

"నాది ఇస్తవా, ఇంకొన్ని రోజులు ఉంచుకుంటవా?"

"అన్నా, చీటీలు మారినయ్. నేను... చూస్కోలే."

"ఎరుకే. తెల్లారే పోయిన నేను. నా పేరు కింద నీ తుపాకి పెట్టిండ్రు. నోరు తెరిస్తే నీ లైసెన్స్ పోతది. అందుకే సంతకం పెట్టి తెచ్చుకున్న."

"మరి తొమ్మిది రోజులు ఎందుకాగినవ్?"

నూనె సీసా మూత బిగించి, దానికి టేపు చుట్టాడు. "నీకు ఆశ తీరుతదేమోనని" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా సరే. ఆ మాట అని, మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగి, తన తుపాకి చంకలో పెట్టుకుని పోయాడు. ఆశా తీరలేదు, పైపెచ్చు నా తుపాకి ఆయన చేతిలో బాగుపడి వచ్చింది. తెరిస్తే ఇప్పుడది కూడా కిర్రుమనదు. ఈ సంగతి ఆయన ఎవరి దగ్గరా అనలేదు. దుకాణంలో ఉస్తాద్ కూడా నన్నేమీ అడగలేదు. ఆయన చేసినదాంట్లో నేను క్షమించలేకపోయింది ఆ మౌనాన్నే.

ఆ తర్వాత వరద. తెల్లవారుజామున నాలా పొంగి నీళ్లు మా గడప దాటాయి. నేను మంచమెక్కి సెల్‌ఫోన్లో ఎవరికి చేయాలో తెలియక నంబర్లు చూస్తున్నాను. అప్పటికే ఆయన తాడు ఒక కొనను తన గేటుకు కట్టి, రెండో కొన నడుముకు చుట్టుకుని, లారీ ట్యూబు తోసుకుంటూ మా ఇంట్లోకి వచ్చేశాడు. మొదట మా ఆవిణ్ని దాటించాడు. తర్వాత నన్ను. ఆయన మిద్దె మీద తార్పాలిన్ కింద కూర్చోబెట్టి అడిగాడు:

"సారూ, తుపాకి ఏది?"

మంచం కింద మర్చిపోయాను. అప్పటికి అది నీళ్లలో మునిగే ఉంటుంది. ఆయన ఏమీ అనకుండా మళ్లీ దిగాడు. నడుం లోతు నీళ్లలో నా ఒంటి గొట్టాన్ని రెండు చేతులతో తల పైకెత్తి పట్టుకుని వస్తుంటే వీధి మిద్దెలన్నీ చూశాయి. మా ఆవిడ దండం పెట్టింది. ఆయన కిరోసిన్ స్టవ్ మీద ఉడికిన అటుకుల ఉప్మా నాకు గొంతు దిగలేదు.

ఇక ఆ ఏడాది మా ఇంట్లో ఎవరొచ్చినా అదే కథ. "అన్న లేకుంటే మేం లేకపోదుం" అని మా ఆవిడ. నేను పక్కనే ఉంటాను. మేం అంటే నేను కూడా. సరే అని పంతం పట్టాను. టార్చ్‌లు, తాడు, పెట్టె తెచ్చాను. తుపాకిని మంచం కిందినుంచి సజ్జ మీదికి మార్చాను. ఆయనకున్నదానికంటే పెద్ద ఇన్వర్టర్ పెట్టించి, కావాలనే చూపించడానికి పిలిచాను. ఆయన చుట్టూ తిరిగి వైర్లన్నీ చూశాడు. కుదిరిన చోట మెచ్చుకున్నాడు కూడా.

"మస్తుగున్నది సారూ. రెండోది ఏది?"

ఇంత ఒళ్లు మండింది.

ఆ సాయంత్రమే మళ్లీ వచ్చాడు. చేతిలో చిన్న బిస్కట్ డబ్బా, రేకుది. మూత చుట్టూ నాలుగు వరసల నల్ల టేపు. మీద తెల్లరంగుతో 'రెండోది' అని ఒక్క మాట, కింద తేదీ.

"ఇది నీ దగ్గర పెట్టు సారూ."

"ఏముందన్నా ఇండ్ల?"

"ఏముంటది, రెండోదే. రెండోది గుడ నా ఇంట్లనే పెట్టుకుంటే అది రెండోది ఎట్లైతది? నా ఇల్లు మునిగితే రెండూ మునుగుతయ్. నాకేమన్నా ఐతే టేపు ఇప్పు. యాదుంటది గదా?"

"యాదుంటదన్నా."

నాకేం తోచిందో చెప్తాను. పెట్టెలో కాగితాల జిరాక్సులు చూశాను కదా, వాటికి మరో జత అనుకున్నాను. ఈయన తన కాగితాలకు నన్ను సజ్జ చేసుకున్నాడు అనుకున్నాను. నా ఇల్లు ఆయన సామానుకు గోదామా? ఊపి చూడను కూడా లేదు. స్టూలెక్కి, సజ్జ మీద పాత టేబుల్ ఫ్యాను వెనక్కి, చెయ్యి అందినంత దూరం తోసేశాను. తోయడానికి ఎంత సేపు పట్టిందో, మర్చిపోవడానికి కూడా అంతే పట్టింది.

ఒక విషయం మాత్రం ఆయనలో నాకు తప్పు దొరికిందని సంబరపడేవాణ్ని. అంత జాగ్రత్త మనిషి, ఇంట్లో ఒక్కడే ఉండేవాడు, రాత్రి తలుపుకు లోపల గడియ పెట్టడు. లాగితే దానంతటదే పడే తాళం ఒక్కటే. కిటికీలకు మాత్రం వేలు దూరని ఇనుప చట్రాలు.

"ఇంట్ల తుపాకి పెట్టుకోని గడియ పెట్టవేందన్నా? ఇదేం జాగ్రత్త?"

"గడియ పెడితే, నేను లేవలేని రోజు బయటోళ్లు ఎట్లత్తరు సారూ?" అన్నాడు.

"తాళం పడ్డంక మాత్రం ఎట్లత్తరు?" అని నేను నవ్వాను. ఆయన నా వంక చూశాడు, నేనేదో తెలిసే వేళాకోళం చేస్తున్నాననుకున్నట్టు నవ్వాడు. ఆ నవ్వు అర్థం ఇవాళ తెలిసింది.

ఏడు నెలల కింద ఒక పొద్దున, పాలప్యాకెట్ ఎనిమిదింటి దాకా ఆయన గడప మీదే ఉంది. ఆయన ఆరింటికే తీసుకునే మనిషి. ముందు చూసింది మా ఆవిడ. పిలిచాం, తలుపు బాదాం. కిటికీ లోంచి చూస్తే నడవలో ఆయన పాదం కనబడింది. వేళ్లు కదులుతున్నాయి.

"అన్నా! అన్నా!" అని నేను అరుస్తూనే ఉన్నాను.

మంచి టేకు తలుపు, పగలగొట్టబోతే చలించలేదు. చుట్టుపక్కలవాళ్లు పోగయ్యారు. "ఈయన దగ్గర అన్నీ రెండుంటయ్ గదా, రెండో తాళంచెవి ఏడున్నదో చూడుండ్రి" అన్నారెవరో. పూలకుండీల కింద, మీటరు డబ్బా వెనక, ద్వారబంధం పైన, అందరం వెతికాం. నేనే ఎక్కువ వెతికాను. కరీంనగర్‌లో ఉన్న ఆయన బిడ్డకు ఫోన్ చేశాను.

"అమ్మా, రెండో తాళంచెవి నీ దగ్గరున్నదా?"

"నా దగ్గర లేదంకుల్. దూరం ఉన్నోళ్ల దగ్గర పెడితే ఏం లాభం అన్నడు నాయన. అక్కడనే ఇచ్చిన అన్నడు, నమ్మకమున్న మనిషికి ఇచ్చిన, ఫికర్ చెయ్యకు అన్నడు."

"ఎవరికి?"

"పేరు చెప్పలేదంకుల్. మీకు ఎరుకలేదా?"

నాకు ఎరుకలేదు. ఆ నిమిషంలో, లోపల ఆయన వేళ్లు కదులుతుండగా, నాకు కలిగింది ఏమిటో రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. ఎవడా నమ్మకమున్న మనిషి? ఎదురుగా నేనుండగా, ఇరవై ఏళ్లుగా నేనుండగా, ఇంకెవడికిచ్చాడు? ఉస్తాద్‌కేనా? అసూయ. అప్పుడు కూడా అసూయే.

ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. "నా దగ్గర లేదు సాబ్, నాకెందుకిస్తడు?" అన్నాడు. నమ్మలేదు.

వడ్రంగి వచ్చి తాళం చుట్టూ చెక్క కోసి తీసేసరికి ముప్పావుగంట పైన పట్టింది. పడకగది గడపకు అడ్డంగా పడి ఉన్నాడు, మంచం కింద మాత్రలున్న పెట్టె ఆయన చేతికి మూరెడు దూరంలో ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూశాడు. పెదాలు కదిపాడు గానీ మాట రాలేదు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. దవాఖానకు తీసుకుపోయాక గంటకు పోయాడు. ముందే తెస్తే బతికేవాడా అని డాక్టర్‌ని అడిగాను. "చెప్పలేం సార్" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఏడు నెలలు బతికాను. బతుకుతూ ఉస్తాద్‌తో మాటలు మానేశాను. ఆదివారాలు దుకాణానికి పోవడం మానేశాను. తాళంచెవి దగ్గర పెట్టుకుని కూడా అక్కరకు రాని ఆ మనిషెవడో, వాణ్ని మనసారా తిట్టుకున్నాను. నాకిచ్చి ఉంటే ఒక్క ఉరుకులో తెచ్చి తలుపు తీసేవాణ్ని కదా అని మా ఆవిడతో ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ఆమె ప్రతిసారీ, "అవునయ్యా, నీకే ఇయ్యాల్సింది" అనేది.

రైటర్ ఫోన్ పెట్టేశాక పేపర్ మడిచి, స్టూలు తెచ్చుకుని సజ్జ ఎక్కాను. తుపాకి సంచి పట్టీ టేబుల్ ఫ్యాను రెక్కకు చిక్కుకుంది. గట్టిగా లాగితే ఫ్యాను పక్కకు ఒరిగింది. దాని వెనక, దుమ్ములో, నల్ల టేపు చుట్టిన రేకు డబ్బా.

'రెండోది.'

టేపు విప్పడానికి గోళ్లు చాల్లేదు, కత్తిపీట తెచ్చుకున్నాను. వంటింటి గడప మీద కూర్చుని కోశాను. కాగితాలేమీ లేవు. గుడ్డలో చుట్టిన ఒకే ఒక్క తాళంచెవి, తుప్పు పట్టకుండా తుపాకి నూనె పూసి ఉంది. మూత లోపలి వైపు అంటించిన చీటీ మీద ఆయన రాత:

'ఇంటి తాళంచెవి. మొదటిది నా జేబుల. రెండోది సారు దగ్గర. సారు ఉన్నడు, ఫికర్ లేదు.'

లేచి, చెప్పుల్లేకుండా వీధి దాటాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. ఆయన ఇల్లు మూసి ఉంది. కోసిన చోట కొత్త చెక్క అతికించి, ఆయన బిడ్డ కొత్త తాళం పెట్టించింది. తాళంచెవి దాంట్లో పెట్టాను. సగం కూడా దూరలేదు. తిప్పి పెట్టాను. మళ్లీ తిప్పి పెట్టాను.

మా గేటు దగ్గర్నుంచి మా ఆవిడ కేకేసింది. "ఏం జేస్తానవయ్యా ఆడ? స్టేషన్‌కు పోవద్దా?"

వెనక్కి తిరిగి, చెయ్యి పైకెత్తి తాళంచెవి చూపించాను.

"నాకే ఇచ్చిండే" అన్నాను. "అన్న, నాకే ఇచ్చిండు."